పంతొమ్మిదో పేజీ

"జడ్జి కళ్ళు మూసుకుని రాశాడక్కా ఈ తీర్పు!" అంటూ టపాకాయ బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. లైబ్రేరియన్ కళ్ళజోడు మీదుగా గుర్రుగా చూశాడు.

లా మొదటి సంవత్సరంలో ఆ అమ్మాయిని అందరూ టపాకాయ అనే పిలుస్తారు. ఎదురుగా కూర్చున్నావిడదీ అదే క్లాసు. కాకపోతే వయసు యాభైకి దగ్గర. ఆస్పత్రిలో నర్సు డ్యూటీ దిగి నేరుగా వచ్చేస్తుంది. క్లాసంతటికీ అక్క.

"ఏమైందమ్మా?"

"ఒకడు సందులో ఓ మనిషిని పొడిచి చంపాడు. చచ్చిపోయినవాడి పెళ్ళాం మేడ మీద కిటికీలోంచి కళ్ళారా చూసింది. కింది కోర్టు యావజ్జీవం వేస్తే, పైకోర్టు వదిలేసింది! రేపు క్లాసులో ఈ తీర్పుని ఉతికి ఆరేస్తాను, చూడండి."

"తీర్పు చదివావా?"

"గైడులో చదివాను. అర పేజీ."

అక్క లేచింది. అల్మారాల మధ్యకి తీసుకెళ్ళి, సూచికలో కేసు పేరెలా పట్టుకోవాలో, పక్కనున్న అంకెల్లో సంపుటి ఏదో, పేజీ ఏదో చూపించింది. లావుపాటి పుస్తకమొకటి దుమ్ము దులిపి చేతిలో పెట్టింది. తీర్పు నలభై రెండు పేజీలు.

టపాకాయ మొదట్లో విసుగ్గా తిప్పింది. పదో పేజీకి వచ్చేసరికి కుర్చీ ముందుకు లాక్కుంది. పంతొమ్మిదో పేజీలో వేలు ఆగిపోయింది.

"అక్కా... ఆ కిటికీలోంచి అసలు సందే కనపడదు!"

"జడ్జికెలా తెలిసింది?"

"పోలీసులు గీసిన పటంలోనే ఉంది. కిటికీ పడమటి వైపు, సందు తూర్పు వైపు. మధ్యలో ఇల్లంతా అడ్డం. కింది కోర్టులో అంతమంది ప్లీడర్లు, ఒక్కరైనా చూళ్ళేదు. ఈయన చూశాడు!"

టపాకాయ ఆ కింది వాక్యాన్ని గొంతు తగ్గించి పైకి చదివింది. "పోయిన మనిషి మీద జాలితో, ఉన్న మనిషిని శిక్షించలేము." ఇంకోసారి చదివింది. ఇన్నాళ్ళూ చట్టమంటే సెక్షన్ల అంకెలే అనుకుంది. ఒక మనిషి ఒక్కడే కూర్చుని, కాగితం ముక్క చూసి, ఇంకో మనిషిని బతికించగలడా?

అంతలోనే ఆమెకి ఒళ్ళు మండింది.

"అప్పటికే ఆ ముద్దాయి ఆరేళ్ళు జైల్లో మగ్గాడక్కా! ఆవిడ ఒక్క మాట మీద. అసలు మనిషేనా ఆవిడ?"

"మొగుడు పోయిన దుఃఖంలో ఉంది. వీడే చంపాడు, చూశానని చెప్పమని పోలీసులన్నారు, చెప్పింది. వాడేనని నిజంగానే నమ్మింది. ఇరవై ఏడో పేజీలో ఉంటుంది, రెండో పేరా."

టపాకాయ పేజీ తిప్పింది. రెండో పేరాలో అదే ఉంది. మెల్లగా తలెత్తి చూసింది.

"మొత్తం నోటికొచ్చా? ఆ ముద్దాయి మీ వాళ్ళా అక్కా?"

"కాదమ్మా. చనిపోయింది మా ఆయన. చూశానని చెప్పింది నేను."