గిరెక్ సాధువు ముక్కు

మంత్రగత్తె బండ దాటేసరికే రోజెన్‌కి కాళ్లు పీక్కుపోయాయి. డెబ్బయ్యేళ్ల తల్లి జానిక్ మాత్రం చకచకా ముందు నడుస్తూ, సముద్రపు నీళ్లు వెనక్కి తగ్గి ఉండగానే సాధువు దగ్గరికి చేరాలని సణుగుతోంది. ఉప్పుగాలి కొరికి కొరికి చిల్లులు పొడిచిన ఎర్రరాళ్లు దారి పొడుగునా ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. ఏ రాయి కుందేలో, ఏ రాయి టోపీయో చెప్పుకోవడం చిన్నప్పుడు సరదాగా ఉండేది. ఇప్పుడు వాటిని చూస్తేనే నీరసం.

ఏటా ఇదే తంతు. ఇసుకలో బండ మీద, రాతి గూట్లో నిలబడ్డ గిరెక్ సాధువు ముక్కులో పెళ్లికాని పిల్ల సూది గుచ్చాలి. సూది నిలిస్తే ఏడాది తిరక్కుండా పెళ్లి. ఊరి పిల్లలు గుచ్చి గుచ్చి చెక్క సాధువుకి ముక్కే లేకుండా చేస్తే, పెద్దలు ఆయన్ని తీసేసి రాతి సాధువుని పెట్టారు. రాతిలో సూదేం దిగుతుంది, నా మొహం! రోజెన్‌కి నలభై దాటాయి, ఒక్కసారీ నిలవలేదు.

తల్లికి తెలియని సంగతి ఒకటుంది. బ్రెస్ట్ పట్నంలో బడిపంతులు ఎర్వాన్ పెళ్లి చేసుకుందామని వెంటపడుతున్నాడు. ఔనో కాదో ఈ సాయంత్రానికి తేల్చమన్నాడు. అతనంటే రోజెన్‌కి ప్రాణం. అయినా కాదనే చెప్పాలనుకుంది. నాన్న పోయాక అమ్మకి తను తప్ప ఎవరున్నారు? పక్కింట్లో ఒంటరిగా ఉండే పడవల తాదెగ్‌ని కాస్త కనిపెట్టుకోమందామంటే, ఆయనా ముసలాడే.

"నాకు పెళ్లి రాసిపెట్టి లేదమ్మా. ఇంక ఈ తిప్పలు వద్దు," అంది.

"నోర్మూసుకుని గుచ్చవే."

గుచ్చింది. సూది జారి ఇసుకలో పడింది. జానిక్ అక్కడే బండ మీద చతికిలబడి, కొంగు లేని మనిషి కాబట్టి శాలువా అంచుతో కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లలో ఎన్నడూ ఏడవని తల్లి ఏడుస్తుంటే రోజెన్ పక్కన కూలబడి, ఎర్వాన్ సంగతంతా చెప్పేసింది.

"బెంగపడకమ్మా. నిన్నొదిలి ఎక్కడికీ పోను. అతనికి కాదని చెప్పేస్తాను."

జానిక్ ముఖం పాలిపోయింది. "చెప్పేశావా?"

"ఇంకా లేదు."

తల్లి గబుక్కున లేచి కూతురి చెయ్యి పట్టుకుంది. ఫోను బయటికి తీసి, తను వింటుండగా, ఇక్కడే, ఇప్పుడే ఔనని చెప్పమంది. అలలు బండ అంచుదాకా వచ్చేస్తున్నా పట్టించుకోలేదు.

"మరి నీ గతేంటమ్మా?" అంది రోజెన్, నీరసంగా. "నా కోసం నువ్వు ఒంటరిగా చావాలా?"

జానిక్ సాధువు వైపు చూసింది, సముద్రం వైపు చూసింది, కూతురి వైపు చూడలేకపోయింది.

"నీ పెళ్లయితేగానీ నేను చేసుకోనని తాదెగ్‌ని ఏళ్లతరబడి ఆపానే."