అలక ప్రయాణం

అభయారణ్యం మధ్య కనుమ ఎక్కుతూ, మూటలు మోస్తున్న పెంపుడు లామా చతికిలబడింది. ఎంత అదిలించినా లేవలేదు.

“బరువెక్కువైతే ఇది కదలదని తెలీదా? పుట్టింటికి ఎన్ని మూటలు కట్టావే?” అన్నాడు ఇసిద్రో.

“అలిగి పోతున్నదాన్ని, నా ఇష్టం. నువ్వెందుకు వెంటపడుతున్నావ్?”

“లామాని సాగనంపడానికి.”

మెల్చోరా విసురుగా మూట విప్పింది. ఎండబెట్టిన బంగాళాదుంపల కింద మొగుడి చొక్కాలు, ఉన్ని టోపీ!

“ఇవెవరు పెట్టారు?”

ఇసిద్రో దూరంగా మేస్తున్న, లామాల్లాంటి అడవి వికూన్యాల మందకేసి చూశాడు. “మీ ఊళ్ళో చలెక్కువ కదా...” అని నసిగాడు.

పీడ వదిలిందని సంబరపడుతున్నాడనే అనుకుంది ఆమె ఇంతసేపూ. పొంగుకొస్తున్న నవ్వు కనబడకుండా వంగి, ఆ బట్టలన్నీ వేరే మూటగట్టి అతని వీపుకెత్తింది. లామా లేచి దులుపుకుంది.

“పద. అలిగిందెవరని మా అమ్మ అడిగితే మాత్రం, నువ్వేనని చెప్తా!”