చుట్ట కంపు

గుమ్మంలోనే చుట్ట కంపు గుప్పుమంది. నర్సు దీనమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

హిందీ రాష్ట్రంలో తెలుగువాళ్లు వలస వచ్చిన మోవా బస్తీలో, నూకరాజు ఇంటి పెరట్లో రేకుల గది అది. అందులో అతని తమ్ముడు చిన్నారావు పడి ఉన్నాడు. రైల్వేలో ఖలాసీ. హెచ్ఐవీ, దానికి తోడు క్షయ.

ఈ రోగుల బతుకు ఏ మాత్రం బాగుందో అడిగి, ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేయమని ఆసుపత్రి దీనమ్మను పంపింది.

మంచం పక్కన ఓ ముసలిది. ఒంటినిండా ఎండుచేపల వాసన. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తున్న చుట్టను తీసి పక్కన పెట్టింది. ఆ చేత్తోనే గంజన్నం పిసికి చిన్నారావు నోట్లో పెట్టింది. అతను మింగలేక వదిలేసిన ముద్దను తను తినేసింది.

దీనమ్మ కళ్లు చప్పున చేతిలో కాగితాల మీదికి దించుకుంది.

"అవ్వా, నువ్వు బయటికెళ్లు. ఇతన్ని ఒంటరిగా అడగాలి."

"ఎల్తానమ్మా. ఈ ముద్ద ఎట్టేసి ఎల్తాను."

ముసలిది వెళ్లాక ప్రశ్నలు మొదలయ్యాయి.

"నిద్ర ఎలా పడుతోంది?"

"ఒకటి."

"ఒంట్లో ఓపిక?"

"ఒకటి."

"నీ మంచీచెడూ చూసుకునే మనుషులు?"

"అయిదు."

అయిదు వేశాక దీనమ్మ కలం ఆగింది. సొంత అన్న కంచాన్ని కాలితో లోపలికి నెట్టడం ఇందాకే ఆమె కళ్లారా చూసింది. వదిన పెరట్లోకే రాదు. ఛీ, ఇదీ ఒక ఇల్లేనా? ఇక్కడ అయిదెక్కడిది?

"ఆ ముసలమ్మను చూసి అంటున్నావా? నీకేమవుతుంది?"

చిన్నారావు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

రోగి ముందున్న కూటికి ఆశపడి చేరిన ముసలిదని దీనమ్మ తీర్మానించుకుంది. అయిదు కొట్టేసి ఒకటి వేసింది.

వెళ్తూ నూకరాజుతో చెప్పింది. "క్షయ రోగి గదిలో చుట్టలేమిటండీ? ఆమెను రానివ్వకండి."

"నానూ అదే అంటన్నాను సిస్టర్ గారూ. ఎంత గెంటినా ఇనదు, మాన్తీ నై. మీరు సెప్పేరు కదా, రేపట్నించి గేటుకి తాళమే." అతని ముఖం వికసించింది.

మే నెలలో దీనమ్మ మళ్లీ వచ్చింది. గదిలో చుట్ట కంపు లేదు, చీము కంపు ఉంది. ఒత్తిగిలించే దిక్కులేక అతని వీపు పుండయింది. ముట్టని గంజి మీద ఈగలు ముసురుతున్నాయి.

"నీ మంచీచెడూ చూసుకునే మనుషులు?"

"సున్నా వెయ్యడానికి అవదా సిస్టర్?"

దీనమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. గబగబా నూకరాజు దగ్గరికి నడిచింది.

"ఆ ముసలమ్మను వెంటనే పిలిపించండి."

"అప్పలనరసమ్మనా? ఇంకెక్కడి నించి పిలిపిస్తాం? తాళమేసినా పోకుండా గేటు బయట ఎండలోనే కూకునేది. వడదెబ్బ కొట్టి మొన్న పోయింది." నూకరాజు పళ్లు కుట్టుకుంటూ చెప్పాడు.

"ఆమె మీకేమవుతుంది?"

"మాకేటవద్ది? ఈడికే అత్తగారు. ఈడంటించిన రోగంతోనే దాని ఒక్కగానొక్క కూతురు సచ్చిపోయింది."