శనివారం నూడుల్స్

"కడాయి పట్టడం మానేసి చాలా ఏళ్ళయిందమ్మా. ఇప్పుడు నాకు రొయ్యలకు మేత వెయ్యడం తప్ప ఇంకేం రాదు. వెళ్ళిరండి" అన్నాడు దుర్గారావు, చెరువు గట్టు మీంచి కదలకుండా.

దీవెన కూడా కదల్లేదు. బందరు నుంచి కోడూరు దాకా బస్సులు మారి వచ్చింది ఈ మాట వినడానికి కాదు.

"మా అమ్మ నోటికి ఏదీ సహించట్లేదు బాబాయ్ గారూ. జబ్బు కంటే ముందు ఆకలే తీసుకుపోయేలా ఉంది. ఏం తింటావమ్మా అంటే మీ మూన్‌లైట్ షాపు నూడుల్స్ అంటుంది. ఊళ్ళో ఎక్కడెక్కడివో తెచ్చాను. ఇది కాదే అని పక్కన పెట్టేస్తోంది."

మూన్‌లైట్ పేరు వినగానే అతని మొహం మెత్తబడింది.

"కోనేరు సెంటర్లో మా షాపు ముందు జనం నిలబడి తినేవారండీ. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. బందరు వచ్చినా నేనా వీధిలోకి వెళ్ళను" అన్నాడు. చేతిలోని మేత బుట్ట కింద పెట్టి, "మంట బాగా రావాలి. పెద్ద స్టవ్వుందా మీ ఇంట్లో?" అని అడిగాడు.

"తెప్పిస్తాను" అంది దీవెన.

మర్నాడు పెరట్లో కడాయి మీద గరిటె చప్పుడు మొదలవగానే, మంచం మీద దీవెన తల్లి ఎలీసబెతు ఎవరి సాయమూ లేకుండా లేచి కూర్చుంది. జుట్టంతా రాలిపోయి, బుగ్గలు లోపలికి పోయి, ఉన్న వయసుకు పదేళ్ళు పైబడ్డ ముసలమ్మలా అయిపోయింది.

మొదటి చెంచా దీవెన పెట్టింది. రెండోది ఆవిడే లాక్కుంది.

"ఇదేనే. శనివారం శనివారం మీ నాన్న తెచ్చేవారే, అదే" అంది కళ్ళు తుడుచుకుంటూ. "మనిద్దరం ఒక్క పొట్లంలో తినేవాళ్ళం. మీరు తింటే చాలు అంటూ ఆయన మాత్రం ముట్టుకునేవారు కాదు."

దీవెనకూ కళ్ళు చెమర్చాయి. ఎన్నాళ్ళకో తల్లి కడుపులోకి నాలుగు ముద్దలు వెళ్తున్నాయి.

దుర్గారావు చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"అంతా అదే రుచి మాస్టారూ. నిమ్మకాయ పిండటం ఒక్కటే మర్చిపోయారు" అంది ఎలీసబెతు నవ్వుతూ.

"పార్సిల్‌లో మేం నిమ్మకాయ పిండేవాళ్ళం కాదమ్మా" అన్నాడతను. అంతలో గోడ మీద, పోయిన ఏడాది చనిపోయిన దీవెన తండ్రి జేమ్స్ ఫొటో కంటపడింది. దగ్గరికెళ్ళి చూశాడు.

"ఈ సారు మీ తమ్ముడా అమ్మా? మాకు బాగా తెలుసు. శనివారం శనివారం భార్యతో వచ్చేవారు. నిమ్మకాయ ఆవిడే పిండుకునేవారు. సగం తిని వదిలేసేవారు."

ఎలీసబెతు నోటి దగ్గర చెంచా ఆగిపోయింది.

"బాబాయ్ గారూ" అంది దీవెన, ఇక చాలన్నట్టు.

వాళ్ళ సారును తక్కువచేసి మాట్లాడానేమోనని కంగారుపడ్డాడు దుర్గారావు.

"వృథా మాత్రం చేసేవారు కాదమ్మా. ఇంటి దగ్గర రెండు కుక్కలున్నాయి, వాటికి కట్టివ్వమనేవారు."