బాకీ రోజాలు

మసీదు నుంచి సాయంత్రం అజాన్ వినిపించగానే బషీరాబీ బెల్లం ముక్క నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. రంజాన్ నెలలో జ్వరం వచ్చి ఆమెకు కొన్ని రోజాలు, అంటే పగటి ఉపవాసాలు, తప్పిపోయాయి. తప్పినవాటిని తర్వాత తీర్చుకోవాలి.

ఆమె భర్త నాగూర్ మీరా హుషారుగా ఇంట్లోకి వచ్చాడు. యుద్ధంతో బట్టకు కంట్రోలు వచ్చి దొరకడం తగ్గాక అతనికి కుట్టుపని పలచబడింది. అప్పు తీర్చకపోతే మిషను పట్టుకుపోతానని సావుకారు బెదిరిస్తున్నాడు.

"మన మిషను మనకి దక్కినట్టే! వారం వారం మిగిలిన రేషను బియ్యం అమ్మి కడతన్నాం కదా, ఇకనించి రెట్టింపు కడతానని సావుకారుతో ఒప్పేసుకున్నాను."

"రెట్టింపా?"

"బయపడతావేటి? ఇంత పొదుపుగా ఇల్లు నడపడం సావుకారు పెళ్లానికి కూడా సేతకాదు!"

బషీరాబీ పిల్లలకు అన్నం పెట్టి, తన గిన్నెలో గంజి పోసుకుంది.

"అదేటి, గంజేనా?"

"పొద్దంతా కాళీగున్న కడుపండీ. అన్నం పట్టదు."

"పీర్ల పండగ కూడా ఎల్లిపోనాది. నీ రోజాలు ఇంకా ఉన్నాయేటి?"

"ఉన్నాయండీ."

"సరే, అల్లా బాకీ నువ్వు తీర్సుకో. సావుకారు బాకీ నాను తీరుత్తాను," అని అతను నవ్వాడు.

ఆమె తలూపింది. మర్నాటి వంటకు బియ్యం కొలిచి, అందులోంచి రోజూ తీసే పిడికెడు తీసింది. కాసేపు పిల్లల వైపు చూసి, ఇంకో పిడికెడు తీసి, అమ్మే బియ్యం దాచే డబ్బాలో పోసింది.

తప్పిపోయిన రోజాలన్నీ ఆమె, పీర్ల పండగకు నెల ముందు వచ్చిన బక్రీదుకు ముందే తీర్చేసింది.