బుగ్గన ఐసుముక్క

“సూది వద్దమ్మా. డాక్టరమ్మతో ఒక్క మాట చెప్పి వెళ్లిపోతాను,” అన్నారు మాస్టారు, మందెక్కించే గదిలో కుర్చీ అంచున కూర్చుని.

తలకు టోపీ, మూతికి మాస్కు పెట్టుకున్న మనిషి ఆయన ముందు ఆగింది. చేతిలో ఫ్లాస్కు ఉంది.

“ఏం మాటండీ?”

“ఈ కేన్సరు వైద్యం ఇక నావల్ల కాదని. పోయినసారి నోరంతా పుండ్లు. పదిరోజులు గంజి కూడా దిగలేదు. నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు, మనవరాలిని పేరుపెట్టి పిలవలేకపోయింది.”

“దేంతో పుక్కిలించారు?”

“మందుల షాపు సీసా. భగ్గున మండేది. మండితేగా పురుగు చచ్చేది!”

“పురుగు సంగతేమో గానీ మీరు చచ్చేవారు! పారబోయండి దాన్ని. లీటరు గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు తినే సోడా. తిన్నప్పుడల్లా పుక్కిలించాలి. బ్రష్షు మెత్తటిది కొనండి. చిన్న పుండు కనబడినా ఇక్కడ చెప్పాలి, దాచుకోకూడదు.”

మాస్టారు కళ్లు చిట్లించారు. “నన్నే గదమాయిస్తున్నావు, ఎవరమ్మాయ్ నువ్వు?”

“మీ దగ్గర నేర్చుకున్నదేగా మాస్టారూ! బుగ్గన ఐసుముక్క దాచుకుంటే, ఏడో ఎక్కం చెప్పించి మరీ పట్టుకున్నారు. కరిగేదాకా గుమ్మం బయట నిలబెట్టారు.”

“ఉడతా!”

ఆ పేరు పెట్టింది ఆయనే. రెండో బెంచీ, ఉబ్బిన బుగ్గ, నాలుక తిరగక ముద్దముద్దగా ఎక్కం. పిల్లలంతా గొల్లుమన్నారు. ఆ రోజు తన నవ్వు దాచుకోవడానికి ఆయన బోర్డు వైపు తిరిగి, ఏమీ రాయకుండానే చాలాసేపు నిలబడ్డారు.

“ఇక్కడ ఎన్నాళ్లనుంచి?”

“అయిదు నెలలు.”

మంచి ఉద్యోగమే పట్టిందని మాస్టారు లోలోపల మురిసిపోయారు. అంతలోనే నోటి మంట గుర్తొచ్చి నిట్టూర్చారు.

“నీకేం తెలుస్తుందిలే అమ్మా ఆ బాధ.”

ఉడత ఫ్లాస్కు మూత తీసింది.

“నోరు తెరవండి. ఈ మందుకు ఐసు పనిచేస్తుందని డాక్టరమ్మే చెప్పింది. ఎక్కుతున్నంతసేపూ నోట్లో తిప్పుతుంటే పుండ్లు తగ్గుతాయి. ఈ ఒక్కసారికి చూడండి. కరిగేదాకా గుమ్మం దాటకూడదు, తెలిసిందా?”

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, బుద్ధిగా నోరు తెరిచారు.

ఉడత మాస్కు దించి, తన బుగ్గనా ఓ ముక్క పెట్టుకుంది.

“ఇంకా పోలేదటే నీ పాడలవాటు!” అన్నారాయన ముద్దముద్దగా.

లోపలినుంచి నర్సు రెండు మందు సీసాలు తెచ్చి, ఒకటి మాస్టారి పక్కన తగిలించింది.

ఉడత పక్క కుర్చీలో కూర్చుని, రెండో సీసా సూదికి తన చేయి చాపింది.