అర అంగుళం ఇత్తడి

గురువుగారు ఆ మూట ఎప్పుడైనా విప్పి చూశారా, లేదా?

పంతొమ్మిదేళ్ళుగా నిదానాన్ని తొలుస్తున్న సందేహం ఇది. ఇవాళ ఆ మూటే గురువుగారి సంచిలోంచి తీరిగ్గా అతని పనిబల్ల మీదికి దిగింది.

"ఏరా నిదానం, అలా నీలుక్కుపోయావేం? లోపల పామేమీ లేదులే" అంటూ గురువుగారు స్టూలు లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. ఆ షెడ్డుకు ఉన్నది ఒక్కటే గుమ్మం.

మూటలో పాత కారు కార్బురేటర్. పెట్రోలు గొట్టం తగిలించే ఇత్తడి నిపిల్ మొదలుకంటా విరిగి, మరలున్న ముక్క లోపలే ఉండిపోయింది.

"ఆ ముక్క తీసిపెట్టు. లోపలి మరలు చెడకూడదు. నా పాత బండిని మళ్ళీ రోడ్డెక్కిస్తాను."

"కొత్తది దొరుకుతుందేమోనండీ..."

"దొరికితే నీ మొహం చూడ్డానికి ఇంత ఎండలో వస్తానా?"

ఒకప్పుడు నిదానం ఆయన దగ్గరే పనిచేసేవాడు. పని నెమ్మదని ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. ఒకరోజు ఈ కార్బురేటర్ శుభ్రం చెయ్యమని ఇచ్చారు. చేశాడు. చివర్లో నిపిల్‌ను ఇంకొంచెం, మరికొంచెం అని బిగించాడు. పుటుక్కుమంది. విరిగిన తలను సబ్బు ముద్దతో అతికించి, గుడ్డలో మూటగట్టి, అటక మీద పెట్టేసి "అయిందండీ" అన్నాడు.

నెల తిరక్కుండా ఈ షెడ్డులో కుదిరాడు. కుదిర్చింది గురువుగారే. "వీడికి చెయ్యి నెమ్మది గానీ, నోట అబద్ధం రాదు" అని యజమానురాలికి చెప్పి మరీ పంపారు.

ఆ మాటే అతన్ని ఇనప దవడల వైస్‌లో పెట్టి బిగించింది. రోజూ పొద్దున్నే దేవుడి ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటూనే ఉన్నాడు. దేవుడు విన్నాడో లేదో తెలియదు. ఆయన రసీదు ఇవ్వడు కదా!

"విరిగింది ఆయనగారి సామాను. మధ్యలో దేవుడికెందుకు చెప్పడం?" అని భార్య దెప్పుతూనే ఉండేది.

ఇంతలో యజమానురాలు వచ్చారు. షెడ్డులో అందరికీ ఆవిడ అమ్మగారు.

"నా కబురు అందిందా అన్నయ్యగారూ? మోకాళ్ళు బొత్తిగా మొరాయిస్తున్నాయి. వచ్చే నెల నుంచి షెడ్డు తాళాలు నిదానానికి అప్పజెబుదామని ఉంది. అప్పుడు మీ మాట మీదే పెట్టుకున్నాను. ఇప్పుడూ మీ మాటే కావాలి."

"ముందు పని కానివ్వమ్మా. మాట ఎక్కడికి పోతుంది?" అన్నారు గురువుగారు, బొటనవేలి కట్టు సర్దుకుంటూ.

"వేలికేమైందండీ?" అడిగాడు నిదానం.

"తలుపులో పడింది. నువ్వు పని చూడు."

నిదానం కార్బురేటర్‌ను వైస్‌లో పెట్టి లోపలికి తొంగిచూశాడు. విరిగినచోట ఇత్తడి బంగారంలా మెరుస్తోంది. సబ్బు జాడ కూడా లేదు. ఇన్నేళ్ళకు ఎండి రాలిపోయి ఉంటుందిలే అనుకున్నాడు.

"ఏ గాడిద విరగ్గొట్టిందో గానీ మొదలుకంటా విరిచింది" అన్నారు గురువుగారు.

అమ్మగారు నవ్వారు. "మీ దగ్గర గాడిదలు కూడా పనిచేశాయా?"

"ఒకటి చేసిందమ్మా. బరువు బాగానే మోసేది."

నిదానం చెవులు వేడెక్కాయి. గుమ్మం వైపు చూశాడు. స్టూలు కదల్లేదు.

గ్యాసు మంటతో సన్నగా కాచి, కొవ్వొత్తి ముక్క తాకించాడు. కరిగిన మైనం మరల సందుల్లోకి పాకింది. నాలుగు పలకలుగా సానపట్టిన పాత ఆకురాయి మొనను ముక్క రంధ్రంలో నిలబెట్టి, మెల్లగా రెండు దెబ్బలు వేశాడు. ఎడమవైపు తిప్పాడు.

"తొందరపడకు. పేరు నిలబెట్టుకో" అన్నారు గురువుగారు.

ముక్క కదిలింది. ఇంత సులువుగా కదులుతుందని అతను అనుకోలేదు. పావు చుట్టు, మరో పావు. అర అంగుళం ఇత్తడి అతని అరచేతిలో పడింది.

ముక్క బయటపడింది. ఇక లోపల ఇరుక్కున్నది తనొక్కడే.

"మరలు చెక్కుచెదరలేదు!" అన్నారు అమ్మగారు. "ఇప్పుడు చెప్పండి అన్నయ్యగారూ. తాళాలు ఇవ్వచ్చా?"

గురువుగారు నోరు తెరవబోయారు.

"ఆగండి గురువుగారూ" అన్నాడు నిదానం. "నా గురించి ఇంకోసారి ఆ మాట అనకండి. ఆ గాడిదను నేనే. విరగ్గొట్టి, సబ్బుతో అతికించి, అయిందండీ అని మీకు అబద్ధం చెప్పాను. అమ్మగారూ, తాళాలు ఇంకెవరికైనా ఇవ్వండి."

అమ్మగారు గురువుగారి వంక చూశారు.

ఆయన లేచి, స్టూలు పక్కకు జరిపారు.

"ఇచ్చెయ్యమ్మా. అప్పట్లో వీడి నోట అబద్ధం రాదని నీకు చెప్పాను చూడూ, తెలిసే చెప్పిన అబద్ధం అది. నీకు అప్పటినుంచీ ఒక నిజం బాకీ ఉన్నాను. ఇవాళ వీడే తీర్చాడు."

నిదానం తలెత్తి అడిగాడు. "అంటే... మీకు అప్పుడే తెలుసా?"

"అటకంతా సబ్బు వాసన కొడుతుంటే తెలియదురా? నువ్వు విరిచిన ముక్కను మర్నాడే తీసి పారేసి, కొత్తది బిగించాను."

నిదానం గుప్పిట విప్పాడు. ముక్క తళతళా మెరుస్తోంది.

"మరి ఇదీ?"

గురువుగారు వేలికట్టు విప్పి, ఎర్రగా చితికిన గోరు మీద ఉఫ్ మని ఊదుకున్నారు.

"అది పొద్దున నేను విరగ్గొట్టాను."